పొంగణాల పెనంలో తూటా గొట్టాలు

ఇత్తడి గురించి నాకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. మొన్న మా వీధిలో ఒక రిటైరైన సైన్సు మేష్టారు, ఏ లోహమైనా సరే కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుందని నలుగురిలో కూర్చుని చెబుతున్నాడు. ఉక్కు గట్టిపడుతుందండీ, ఇత్తడి మెత్తబడుతుంది, అన్నాను. ఆయన నా వైపు తిరిగి జాలిగా నవ్వి, "తమరు బహ్రెయిన్‌లో వంట పని చేసొచ్చారు కదా" అన్నాడు.

అక్కడున్న నలుగురూ నవ్వారు. అందుకని ఇది రాస్తున్నాను. నేను చదివింది ఆరో తరగతి. ఆ తర్వాత చదువంతా కళ్ళతో చూసీ, చేతులు కాల్చుకునీ, పాత పుస్తకాల బండి దగ్గర నిలబడి చదివీ నేర్చుకున్నదే. మరిచిపోవడం మాత్రం ఎక్కడా నేర్చుకోలేదు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను బహ్రెయిన్‌లో చేసింది లేత్ మిషను మీద టర్నర్ పని. తుబ్లీలో ఒక వర్క్‌షాపు. నీళ్ళ ట్యాంకర్ల పంపులు, అరిగిపోయిన షాఫ్టులు, బుష్షులు, అదీ మా సరుకు. వంటవాణ్ణి అన్నది కాగితం మీద. మా కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చిన యజమానికి, రిఫాలో ఇల్లూ తుబ్లీలో వర్క్‌షాపూ రెండూ ఉండేవి. వర్క్‌షాపు పేర వీసాలు అయిపోయాయి, ఇంటి పేర ఒక వంటవాడి వీసా మిగిలింది. వీసాలో ఏముంటే ఏంటండీ, అక్కడికెళ్ళాక ఇనుము ఇనుమే కదా అన్నాడు ఏజెంటు. నమ్మాను. రాజమండ్రి పంపుల షెడ్డులో పదకొండేళ్ళు లేత్ తిప్పినవాణ్ణి, వంటవాడిగా విమానం ఎక్కాను.

దాని ఫలితం ఏమిటంటే, నా లేత్ పక్కన ఎప్పుడూ ఒక టీ కెటిల్ ఉండేది. తనిఖీ వాళ్ళ బండి సందు మలుపులో కనబడగానే కఫీల్ "యల్లా, యల్లా", త్వరగా త్వరగా అంటూ చప్పట్లు కొట్టేవాడు. నేను మిషను ఆపి, మైక్రోమీటర్ కింద పెట్టి, కెటిల్ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడాలి. అందులో టీ కూడా ఉండేది కాదు. ఒకసారి తనిఖీకి వచ్చినాయన గ్లాసు చాపాడు. వంచితే, లేత్ మీద ఇనుము వేడెక్కకుండా పోస్తామే, ఆ తెల్లటి ఆయిలు నీళ్ళు వచ్చాయి. ఎవరు పోశారో దేవుడికి తెలియాలి. ఆయన దాన్ని పాలెక్కువైన టీ అనుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గ్లాసు చూశాడు, నన్ను చూశాడు. గ్లాసు నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఆ రిపోర్టులో నా వంట గురించి ఏం రాసుంటాడో అని చాలా రోజులు బాధపడ్డాను.

ఇంతవరకూ అయితే సర్దుకునేవాణ్ణి. కానీ మొదటి సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు మా బావమరిది నా బహ్రెయిన్ గుర్తింపు కార్డు చూశాడు. అందులో ఇంగ్లీషులో ఒకే మాట, వంటవాడు అని. వాడు ఆ మాట పైకి చదివాడు, ఇంటిల్లిపాదికీ వినబడేలా. అప్పట్నించీ వాడు రాసిన ప్రతి ఉత్తరంలోనూ, క్షేమ సమాచారాల కంటే ముందు, "బావా, సాంబారు కుదురుతోందా?" అని ఉండేది. నాకు జీతం పెరక్కపోయినా ఫర్వాలేదు. ఆ కార్డు మీద టర్నర్ అన్న ఒక్క మాట పడాలి. అది తీసుకెళ్ళి వాడి ముందు పడెయ్యాలి. అంతకు మించి ఆ రోజుల్లో నాకు ఇంకో కోరిక లేదు.

కువైట్ యుద్ధం సద్దుమణిగి రెండు మూడేళ్ళయింది. అవాలి ఆయిలు కంపెనీ కాలనీ నుంచి ఒక ఇంగ్లీషు ఇంజినీరు మా వర్క్‌షాపుకి రావడం మొదలెట్టాడు. ఎదురుగా సార్ అనేవాళ్ళం, వెనక దొర అనేవాళ్ళం. పొడుగాటి మనిషి, నిక్కరు, ఎండకి ఎర్రబడిన మోకాళ్ళు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కొలత పరికరం. మా కఫీల్‌కి పంపుల రిపేరు పని ఆయన చెప్తేనే వచ్చేది, అందుచేత ఆయన తుమ్మినా మాకు చాయ్ విరామం.

దొరకి తుపాకీ సరదా. వేట కాదు, అట్టముక్క మీద గీసిన చుక్కని ఎంతో దూరం నుంచి కొట్టడం. ఆ తుపాకీ వాళ్ళు కాల్చుకునే రేంజిలోనే తాళంలో ఉండేది, మేమెప్పుడూ చూడలేదు. మందు కూరడం, గుండు బిగించడం కూడా ఆయనే అక్కడే చేసుకునేవాడు. మా దగ్గరికి వచ్చింది ఖాళీ ఇత్తడి గొట్టాలు మాత్రమే, అదీ పోలీసుల అనుమతి కాగితంతో. ఆ కాగితాన్ని మా కఫీల్ మూడుసార్లు చదివి, నాలుగోసారి వెలుతురులో పెట్టి చూశాడు.

ఇందులో తిక్క ఏమిటంటే, ఆయన తుపాకీకి సరిపోయే తూటా ఏ కంపెనీ తయారుచెయ్యదు. కంపెనీ తూటా కొనుక్కుని కాల్చుకునే తుపాకీ ఆయనకి ఆనదు. ఒక పెద్ద గొట్టం తీసుకుని, దాని మెడ సన్నం చేసి, మెడ కిందుండే భుజం వెనక్కి నొక్కి, తన సొంత కొలతకి తెచ్చుకోవాలి. ఆ తర్వాత మొదటిసారి కాల్చినప్పుడు అది తుపాకీ లోపల ఉబ్బి పూర్తి ఆకారానికి వస్తుంది. అలాంటి తూటాని వాళ్ళ భాషలో అడవిపిల్లి అంటారట. ఎందుకండీ అని అడిగితే దొరకీ తెలియదు. నాకు మాత్రం ఆయన మీద మొదటిరోజే గౌరవం కలిగింది. బజారులో దొరికేదాన్ని వద్దని, దొరకనిదాన్ని సొంతంగా చేసుకునే మనిషి నాలాంటివాడే కదా.

మెడ నొక్కే ఉక్కు అచ్చు, డై అంటాం, ఆయనది పగిలిపోయింది. నన్ను చెయ్యమన్నారు. ఒక్కసారి నొక్కితే ఇత్తడి మడత పడుతుందని, ఒకదానికంటే ఒకటి కొంచెం సన్నంగా మూడు డైలు చేశాను. పది రోజులు పట్టింది. లోపలి నునుపు ఎలా ఉందంటే, ఈగ వాలితే జారిపడేది. దొర వేలు పెట్టి చూసి, తల ఊపాడు. పది గొట్టాలు ఇచ్చాడు. నొక్కాను. వాటిలో నాలుగు గొట్టాలకి మెడ చీలింది.

దొర సంచిలోంచి లావుపాటి పుస్తకం తీశాడు. నేను ఆ పుస్తకం వైపు చూడలేదు. చిన్నప్పుడు కంచరి వీధిలో గంటలు గంటలు నిలబడి చూసినవాణ్ణి. వాళ్ళు రేకుని కాసేపు కొట్టి, గట్టిపడగానే కొలిమిలో పెట్టి, నీళ్ళలో వేసి, మళ్ళీ కొట్టేవాళ్ళు. కొడితే గట్టిపడుతుంది, కాలిస్తే మెత్తబడుతుంది. ఇదే మాట నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. దొర పుస్తకంలో ఒక పేజీ వెతికి పట్టుకుని, అవును ఇక్కడా అదే రాసి ఉందన్నాడు. రాసి ఉండకపోతే నా మాట అబద్ధమన్నట్టు! అయితే ఒక షరతు ఉంది. మెడ మాత్రమే మెత్తబడాలి, అడుగు గట్టిగానే ఉండాలి. అడుగు మెత్తబడితే కాల్చేవాడి మొహం ముందే అది పిగులుతుంది. ఆయన ఒక్కొక్కదాన్ని వేళ్ళతో పట్టుకుని మంట చూపిస్తాడట, వేళ్ళు కాలగానే వదిలేస్తాడట. రెండు చేతులకీ బొబ్బలు చూపించాడు. పుస్తకం చదివినవాడి పద్ధతి అదీ.

దొర అరవై కొత్త గొట్టాలు ఇచ్చాడు. ఆ పై శుక్రవారం కాకుండా మరుసటి శుక్రవారం పోటీ ఉంది, దానికి కావాలన్నాడు. అప్పుడు నేను కఫీల్‌ని పక్కకి పిలిచాను. ఆ నెలలోనే నా కార్డు రెన్యూవల్. సంగతి చెప్పాను. కఫీల్ చెడ్డవాడు కాదు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. కార్డులిచ్చే ఆఫీసులో పని పేరు మార్చాలంటే నాకు ఆ పని వచ్చని ఎవరైనా పెద్దమనిషి రాసివ్వాలట. దొర రాస్తే చాలట. అరవైకి అరవై బాగున్నాయని దొర రాసిస్తే, తానే స్వయంగా వెళ్ళి టర్నర్ అని వేయిస్తానని గుండెల మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు.

అరవై గొట్టాలు. వాటి అడుగులు నీళ్ళలో నిటారుగా నిలబడాలి, మెడలు మంటకి అందాలి. పళ్ళెంలో నిలబెడితే ఒకటి పడి పక్కదాన్ని పడేసేది. రెండు రోజులు తలపట్టుకున్నాను. మూడో రోజు పొద్దున్న గదిలో టిఫిన్ తింటుంటే పరిష్కారం గోడకి వేలాడుతూ కనబడింది.

మా గదిలో ఇద్దరమే. రెండోవాడు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ. బహ్రెయిన్‌లో ఆరేళ్ళున్నా, ఉత్తరాల్లో దుబాయి అనే రాసేవాడు. ఎన్నిసార్లు సరిదిద్దానో. వంట అతనిదే, ఎవరూ చెయ్యమనలేదు, చేతిలో రుచి ఉంది. వాళ్ళమ్మ, అతని మాటలో అవ్వ, ఇచ్చిన ఇనప పొంగణాల పెనం ఒకటి ఊరి నుంచి బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నాడు. శుక్రవారం సెలవు కదా, ఆ ఒక్కరోజు పొద్దున్నే పొంగణాలు వేసేవాడు. నూనె తాగి తాగి ఆ పెనం నల్లగా అద్దంలా ఉండేది. సబ్బు తగలనిచ్చేవాడు కాదు. ఏడు గుంతలు. ఒక్కొక్క గుంతలో తడి ఇసుక నొక్కి, నీళ్ళు పోసి, ఒక్కొక్క గొట్టం గుచ్చితే?

అడిగితే ఇస్తాడా? ఇవ్వడు. అందుకని అడగలేదు.

మంగళవారం అతను డ్యూటీకి వెళ్ళగానే పెనం సంచిలో వేసుకుని వర్క్‌షాపుకి పట్టుకెళ్ళాను. షట్టరు సగం దింపి చీకటి చేసుకున్నాను, మంట రంగు తెలియాలి కదా. గ్యాసు మంట ఒక్కో మెడ చుట్టూ తిప్పుతూ, ఎర్రబడబోయే ముందు క్షణంలో పుల్లతో తడితే చుయ్‌మని పక్కన పెట్టిన నీళ్ళ పళ్ళెంలో పడేది. ఏడేసి చొప్పున తొమ్మిది వాయిలు. చివరి వాయిలో నాలుగే. మెడల మీద నెమలి కంఠం రంగు తేలింది, అరవైకీ ఒకే ఎత్తులో, గీత గీసినట్టు. కఫీల్ షట్టరు కిందనుంచి వంగి చూసి, ఏం వండుతున్నావన్నాడు. ఆ మాట అప్పుడే నేను అపశకునం అనుకోవాల్సింది.

తర్వాత డైలోకి నొక్కాలంటే జిడ్డు కావాలి. దొర ఇచ్చిన డబ్బా అడుగంటింది. గదిలో ఆముదం సీసా ఉంది, మేస్త్రీ తలకి రాసుకునేది. మొదటి గొట్టానికి ధారాళంగా పూశాను. తీసి చూస్తే భుజం మీద సొట్ట. నూనె ఎక్కువైతే డైలో అది పోవడానికి దారిలేక ఇత్తడినే లోపలికి నొక్కేస్తుంది. ఇది ఏ పుస్తకంలో ఉందో నాకు తెలియదు, నాకు ఒక్క సొట్టతో తెలిసింది. అదృష్టం బాగుండి మూడో డైలో నొక్కేసరికి ఆ సొట్ట సాఫైంది. మిగతావాటికి ఆముదం చుక్క వేలికి రాసుకుని, ఆ వేలు గుడ్డకి తుడిచి, ఆ గుడ్డ గొట్టానికి తాకించాను. ఒక్క మెడ చీలలేదు.

జిడ్డూ మసీ పోవడానికి చింతపండూ ఉప్పూ వేసి తోమాను, దేవుడి కుందుల్ని తోమినట్టే. తళతళలాడాయి. కానీ లోపల తడి. తడి ఆరాలి, మెరుగు కూడా రావాలి, గురువారం అయిపోవస్తోంది, మర్నాడే అప్పగించాలి. గదిలో మూల బియ్యం బస్తా ఉంది. అరవై గొట్టాలూ బియ్యంలో వేసి, మూతి కట్టి, బస్తాని పసిపిల్లాణ్ణి ఊపినట్టు అరగంట ఊపాను. బియ్యం తడినంతా పీల్చేసింది. ఒక్కొక్కటీ తీసి, లోపల ఇరుక్కున్న గింజలు పుల్లతో పొడిచి, గుడ్డ మీద వరుసగా పేర్చాను.

యాభై తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాను. యాభై తొమ్మిదే. బస్తాలోకి మోచెయ్యి దాకా దూర్చి వెతికాను. మంచాల కింద, చెప్పుల్లో, జేబుల్లో. ఇంతలో మేస్త్రీ డ్యూటీ నుంచి వచ్చాడు. నేను బస్తా ముందు మోకాళ్ళ మీద ఉండటం చూసి, బియ్యంలో పురుగుందా అన్నాడు. ఉందన్నాను. పెనం అప్పటికి గోడకి చేరింది లెండి, శుభ్రంగా కడిగి మరీ తగిలించాను. సబ్బుతో.

అరవైకి అరవై అని కఫీల్ మాట. ఒకటి తగ్గితే దొర ఏమంటాడో, ఉత్తరం రాస్తాడో లేదో. శుక్రవారం మధ్యాహ్నం దొర తనే గదికొచ్చి తీసుకెళ్తానని కబురు పెట్టాడు. నేను రాత్రంతా యాభై తొమ్మిది అనుకుంటూ పడుకున్నాను.

శుక్రవారం పొద్దున్న మేస్త్రీ స్టవ్వు మీద పెనం పెట్టి నూనె రాసి పిండి పోశాడు. తిరగెయ్యబోతే పొంగణం లేవలేదు. గరిటెతో గీకితే సగం లేచింది. అది నోట్లో వేసుకుని నమిలాడు. కరకరమంది. నమలడం ఆపి, పెనంలోకి వంగి చూశాడు.

"అన్నా, గీ పెనంల ఇసుక యాడికెల్లి వచ్చింది?"

నేను నిజం చెప్పాను. చెప్పక తప్పలేదు, ఎందుకంటే రెండు గుంతల చుట్టూ మంట తగిలి నీలంగా కమిలిపోయి ఉంది.

"మా అవ్వ ఇచ్చిన పెనమన్నా ఇది. దుబాయిల గిసొంటిది దొరుకుతదా?"

ఇది దుబాయి కాదు బహ్రెయిన్ అన్నాను. అది అనకుండా ఉండాల్సింది. ఆ తర్వాత ఆముదం సీసా సగానికి దిగిన సంగతీ, చింతపండు అయిపోయిన సంగతీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. అతను కేకలెయ్యలేదు. కేకలేస్తే బాగుండేది. మూతి బిగించుకుని, బియ్యం ఒక్క నీళ్ళకి కడిగి, గిన్నె స్టవ్వు మీద ధన్‌మని పెట్టాడు.

మధ్యాహ్నం కఫీల్‌తో కలిసి దొర వచ్చాడు. మేస్త్రీకి నామీద కోపమే కానీ అతిథి మీద కాదు కదా, ఇద్దరినీ కూర్చోబెట్టి పప్పూ అన్నం వడ్డించాడు. దొర స్పూను అడిగాడు. నేను గొట్టాల గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, సంగతి ఎక్కణ్ణించి మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. సార్, యాభై తొమ్మిది, అని నోరు తెరిచాను. అప్పుడే దొర స్పూనుకి ఏదో ఠంగుమని తగిలింది.

అన్నంలోంచి తళతళలాడుతూ ఇత్తడి గొట్టం బయటపడింది. నిండా అన్నం, పైన ఆవిరి.

మేస్త్రీ పప్పు గరిటె పట్టుకుని, "అన్నా, సారుకు ముక్క వడ్డది" అన్నాడు.

దొర దాన్ని చేతిరుమాలుతో తుడిచాడు. అందులోని అన్నం మెతుకులు స్పూను కొసతో తీసి పళ్ళెం అంచున పెట్టాడు. జేబులోంచి కొలత పరికరం తీసి, మెడ కొలిచాడు, భుజం కొలిచాడు, పొడవు కొలిచాడు. గుడ్డ మీదున్నవాటిలోంచి ఒకటి తీసి పక్కన పెట్టి కొలిచాడు. వెంట్రుక వాసి తేడా లేదు. ఆయన మొహం వెలిగిపోయింది. ఇదంతా ఎలా చేశావో చెప్పు అన్నాడు. అక్కడ నేను చేసిన పొరపాటు, మొత్తం చెప్పడం. పెనం చూపించాను. ఆయన పెనాన్ని రెండు చేతులతో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. గుంతలు లెక్కపెట్టాడు. ఆముదం వాసన చూశాడు. బియ్యం బస్తాలో చెయ్యి పెట్టాడు. అన్నీ చిన్న నోటుబుక్కులో రాసుకున్నాడు. నాకు గర్వంగా ఉంది. వెళ్తూ వెళ్తూ, ఉత్తరం తప్పకుండా రాస్తాను, వివరంగా రాస్తాను అని నా చెయ్యి ఊపాడు.

వివరంగానే రాశాడు. మరుసటి శుక్రవారం పోటీలో ఆయనకి రెండో స్థానం వచ్చింది, ఒక్క మెడ చీలలేదు. ఆ ఉత్సాహంలో రెండు పేజీలు టైపు చేయించి పంపాడు. కఫీల్ అది పట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు. నేను ఆ రోజు లేత్ మీద ఏ పనీ సరిగా చెయ్యలేదు. కెటిల్‌ని తీసి బీరువా వెనక్కి తోసేశాను, ఇక దానితో పని లేదని.

కఫీల్ తిరిగి వచ్చేసరికి మొహం ఎర్రగా ఉంది. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వు ఆపుకుంటున్నాడు. కార్డు నా చేతిలో పెట్టాడు. వంటవాడు.

సంగతేమిటంటే, ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా నిజమే. పొంగణాల పెనం గురించి అర పేజీ ఉంది. చింతపండూ ఉప్పూ గురించి, ఆముదం ఎంత తక్కువ పూయాలో అన్న దాని గురించి, బియ్యంలో ఊపడం గురించి, ఆఖరికి మేస్త్రీ పప్పు గురించి కూడా ఉంది. నేను పది రోజులు కూర్చుని, ఈగ జారేంత నునుపుగా చేసిన మూడు డైల గురించి ఒక్క వాక్యం. ఆఫీసులో గుమాస్తా మొత్తం చదివి, పక్క బల్ల గుమాస్తాని పిలిచి చదివించాడట. ఆయన ఇంకొకాయన్ని పిలిచాడట. చివరికి మొదటాయన కఫీల్‌ని ఒక్కటే అడిగాడట: "ఈ మనిషి వంటవాడు కాదని ఇందులో ఎక్కడుంది?"

కఫీల్ కార్డు తీసుకుని వచ్చేశాడు. ఖలాస్.

తర్వాత దొర వచ్చినప్పుడు అడిగాను, సార్ డైల గురించి ఎందుకు రాయలేదని. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. మంచి డై చేసే టర్నర్లు ప్రపంచమంతా ఉన్నారు, ఇలాంటి పెనం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు అన్నాడు. అది పొగడ్తే. అందుకే థాంక్యూ సార్ అన్నాను. పోటీలో కాల్చిన గొట్టాల్లో ఒకటి జ్ఞాపకంగా నాకిచ్చాడు, అది అన్నంలో ఉడికినదే. అడుగున గోటితో గుర్తు పెట్టినట్టు చిన్న గీత ఉండటం వల్ల పోల్చుకున్నాను. స్పూను తగిలిన గీత.

కార్డు మేస్త్రీకి చూపించకూడదనుకున్నాను. కానీ ఒకే గదిలో ఎంతకాలం దాస్తాం? అతను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. పెనం సంగతి జరిగాక మొదటిసారి నవ్వాడు.

"సర్కారే రాసిచ్చింది గదన్నా. ఇగ శుక్కురారం వంట నీదే."

నేను ఎన్నో వాదించాను. అతను పెనం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు, దీన్ని మళ్ళీ ఎట్లుండేనో అట్ల జెయ్యి అని. నెల రోజులు ఉల్లిపాయ ముక్కతో నూనె రాసి, కాల్చి, ఆరబెట్టి, మళ్ళీ రాశాను. ఆ పనిలోనూ కొలత ఉంది, మంట ఉంది, రంగు చూసి ఆపడం ఉంది. ఐదో శుక్రవారానికి పొంగణం తనంతట తనే గిర్రున తిరిగింది. రెండేళ్ళు శుక్రవారాలు నేనే వేశాను. బాగా వచ్చేవి. ఈ సంగతి మా బావమరిదికి ఇప్పటిదాకా తెలియదు, దయచేసి ఎవరూ చెప్పొద్దు.

తిరిగి మేష్టారి దగ్గరికి వస్తాను. ఆయన్ని రేపు పొద్దున్న ఇంటికి రమ్మన్నాను. ఇత్తడి రేకు ముక్క ఒకటి, సుత్తి, గ్యాసు స్టవ్వు, చెంబుడు నీళ్ళు వరండాలో సిద్ధంగా ఉన్నాయి. కొట్టి చూపిస్తాను, కాల్చి చూపిస్తాను, నీళ్ళలో ముంచి ఆయన చేతికిచ్చి వంచమంటాను. తూటా గొట్టం కూడా తుడిచి బల్ల మీద పెట్టాను. వంట పని చేశానో, ఏం చేశానో ఆయనే చూసుకుంటాడు.

మేష్టారు ఒప్పుకున్నాడు. పొద్దున్నే వస్తున్నాడు కాబట్టి టిఫిన్ పెట్టకుండా పంపితే బాగుండదని మా ఆవిడ పిండి రుబ్బింది. పొంగణాలట. వెయ్యాల్సింది నేనేనట.